పదిహేను సేర్ల పుస్తకం

(గ్రంథాలయ వారోత్సవాల సభలో ఒక విశ్రాంత హిందీ ఉపాధ్యాయిని, కథా రచయిత్రి చేసిన ప్రసంగ పాఠం)

పెద్దలందరికీ నమస్కారం. వెనక కూర్చున్న పిల్లలకు ఇంకో నమస్కారం. మిమ్మల్ని బస్సెక్కించి తీసుకొచ్చారనీ, మీకిది ఒక పీరియడ్ లెక్కేననీ నాకు తెలుసు. 31 ఏళ్లు బడిలో హిందీ చెప్పినదాన్ని, ఆ మాత్రం కనిపెట్టగలను. నిద్రొస్తే పడుకోండి, గురక మాత్రం పెట్టకండి.

లైబ్రేరియన్ గారు ఇందాక నన్ను పరిచయం చేస్తూ యాత్రలు, విద్య, కథ, మూడింట్లోనూ కృషి చేసిన బహుముఖ ప్రజ్ఞాశాలి అన్నారు. మా అత్తగారు ఉండుంటే ఈ మాటకి పడీ పడీ నవ్వేవారు. ఆవిడ నన్ను చూసి ఒకటే అనేవారు: "అమ్మాయ్, మూడు పొయ్యిల మీద మూడు గిన్నెలు పెడితే ఏదో ఒకటి మాడుతుందే. ఒక్కటి పట్టుకో." ఆవిడ అన్నదాంట్లో అబద్ధం లేదు. మాడినవి ఉన్నాయి. ఒకటి ఇవాళ మీకు చెప్తాను కూడా.

కానీ నేను మాట్లాడదామని వచ్చింది నా గురించి కాదు. నాకంటే చాలా ఎక్కువ పొయ్యిలు వెలిగించిన ఒకాయన గురించి. పేరు రాహుల్ సాంకృత్యాయన్, హిందీ రచయిత, యాత్రికుడు. ఆయన్ని నాకు పరిచయం చేసింది సాహిత్య సభలు కావు, 9వ తరగతి హిందీ వాచకం. ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకంలో 'ల్హాసా కీ ఓర్', అంటే ల్హాసా వైపు, అని ఒక పాఠం ఉండేది. 1929లో ఆయన మొదటిసారి టిబెట్ వెళ్లినప్పటి సంగతి.

అప్పట్లో మనవాళ్లకి టిబెట్‌లోకి ప్రవేశం లేదు. నేపాల్‌లోకి పోవాలన్నా అనుమతి కావాలి, ఒక్క శివరాత్రికి తప్ప. పశుపతినాథుడి దర్శనానికి వచ్చే జనంలో కలిసి ఈయన నేపాల్ చేరాడు. అక్కడి నుంచి బిచ్చగాడి వేషం. తోడు ఒక మంగోల్ భిక్షువు. ఆయన్ని ఈయన సుమతి అని పిలుస్తాడు. థోంగ్‌లా అనే కనుమ దాటాలి, 16, 17 వేల అడుగుల ఎత్తు. మైళ్ల తరబడి ఊరు లేదు, దొంగల భయం. అక్కడి దొంగలు ముందు చంపి, తర్వాత జేబులో డబ్బుందో లేదో చూస్తారట. అందుకని అనుమానంగా ఉన్న మనిషి ఎవరు ఎదురొచ్చినా ఈయన టోపీ తీసి, నాలుక బయటపెట్టి "కూచీ కూచీ, ఒక్క పైసా" అని, అంటే దయచూపండి అని, అడుక్కునేవాడు. అడుక్కునేవాణ్ణి చంపితే దొంగకు ఏమొస్తుంది?

ఈ పాఠం చెప్పిన ప్రతి ఏడూ క్లాసంతా నాలుకలు బయటపెట్టేవారు. వారం రోజుల పాటు వరండాలో ఎక్కడ చూసినా "కూచీ కూచీ" అనే. హెడ్మాస్టరు గారు ఒకసారి నన్ను పిలిచి, మీరు పిల్లలకు హిందీ నేర్పుతున్నారా, అడుక్కోవడం నేర్పుతున్నారా అని అడిగారు.

పాఠంలో ఇంకా సరదా సంగతులున్నాయి. టిబెట్‌లో దారిన పోయేవాడు ఎవరింట్లోకైనా వెళ్లి, తన టీ ఆకు ఇస్తే, అత్తో కోడలో వెన్న, ఉప్పు వేసి చిలికి టీ ఇచ్చేవారట. కులం అడగరు. ఈయనకి దొరికిన గుర్రం మందకొడిది. అది వెనకబడి, దారి తప్పి, ఆలస్యంగా చేరితే సుమతి మండిపడ్డాడు, అంతలోనే చల్లబడ్డాడు. ఆ సుమతి తన భక్తులకు బోధగయ నుంచి తెచ్చిన గుడ్డ చింపి రక్షలు కట్టేవాడు. గుడ్డ అయిపోతే? ఏ గుడ్డ దొరికితే ఆ గుడ్డే బోధగయ గుడ్డ. మన దగ్గరా ఇలాంటివాళ్లు లేకపోలేదు, పేర్లెందుకు.

పాఠం చివర ఒక గుడి వస్తుంది. అందులో చేత్తో రాసిన కంజూర్ గ్రంథాలు, అంటే బుద్ధుడి మాటలకు టిబెటన్ అనువాదాలు, 103 సంపుటాలు ఉన్నాయి. మందపాటి కాగితం మీద పెద్ద అక్షరాలు. ఒక్కొక్కటి 15 సేర్లకు, అంటే దాదాపు 14 కిలోలకు, తక్కువ తూగదు. ఈయన వాటి మధ్య ఆసనం వేసుకుని కూర్చున్నాడు. పక్క ఊళ్లలో శిష్యుల్ని చూసొస్తానని సుమతి అడిగితే, వెళ్లిరా అన్నాడు. అంతకు ముందు అడిగినప్పుడు మాత్రం వద్దని ఆపిన మనిషే.

ఒక ఏడాది ఈ పాఠం అయిపోయాక, ఎప్పుడూ నోరెత్తని ఒక పిల్ల లేచి అడిగింది: "టీచర్, దొంగలున్న దారిలో అన్ని కష్టాలు పడి వెళ్లి, అక్కడ కూర్చుని పుస్తకం చదువుతున్నాడేమిటి? ఆయనకి ఏమైనా పరీక్ష ఉందా?"

నేను ఏదో చెప్పి కూర్చోబెట్టాను. నాకు సమాధానం తెలియదు. గైడులో కూడా లేదు. గైడులో ఉన్నది ఏమిటంటే, 'రచయిత జ్ఞాన పిపాసి'. ఇలాంటి మాటలు మార్కులు తెచ్చిపెడతాయి గానీ ఆ పిల్లకి సరిపోవు. అలా మొదలైంది నా చదువు. నేను వెతికి పట్టుకున్న జవాబు ఇవాళ మీకు చెప్తాను. అది నాకు దొరికేసరికి ఆ పిల్ల పది పాసై వెళ్లిపోయింది.

ఆయన అసలు పేరు కేదార్‌నాథ్ పాండే. 1893 ఏప్రిల్ 9న ఆజంగఢ్ జిల్లాలో, పందహా అనే ఊళ్లో, అమ్మమ్మ గారింట్లో పుట్టాడు. పెంచిన తాతగారు సైన్యంలో పనిచేసి మన దక్కన్ వైపు తిరిగొచ్చిన మనిషి. మనవడికి ఆ కబుర్లన్నీ చెప్పేవాడు. చదువు ఉర్దూ మాధ్యమం, మిడిల్ స్కూల్ దాకా. ఆ బడి ఉన్న ఊరి పేరు నిజామాబాద్. మన నిజామాబాద్ కాదు లెండి, ఆజంగఢ్ పక్కన ఇంకోటి ఉంది. 11 ఏళ్లకే పెళ్లి చేశారు. చిన్నప్పటి ఉర్దూ వాచకంలో ఒక షేర్, అంటే రెండు పంక్తుల పద్యం, ఉండేదట: లోకమంతా తిరిగిరా, ఈ బతుకు మళ్లీ దొరకదు, బతుకు మిగిలినా ఈ వయసు మిగలదు అని. పిల్లవాడికి అది అంటుకుంది. ఇల్లు వదిలి కలకత్తా పారిపోయాడు. తీసుకొస్తే మళ్లీ పారిపోయాడు.

ఇక్కడ టీచర్లం మనం ఒక సంగతి గమనించాలి. వాచకంలో రెండు పంక్తులు ఒక పిల్లవాడి చేత ఊరు వదిలించాయి. మనం వాటికి ప్రతిపదార్థం రాయిస్తాం.

తర్వాత బిహార్‌లో పరసా మఠంలో సాధువయ్యాడు. దక్షిణాదికి వచ్చి మద్రాసు దగ్గర తిరుమళిశైలో ఉండి తమిళం నేర్చుకున్నాడు. ఆర్యసమాజంలో చేరాడు. సహాయ నిరాకరణలో జైలుకెళ్లాడు. ఇవన్నీ చెప్తూ పోతే మధ్యాహ్నం భోజనాలు సాయంత్రమవుతాయి. ముఖ్యమైన మలుపు 1927. సింహళానికి వెళ్లాడు, కొలంబో దగ్గర విద్యాలంకార పరివేణంలో, అంటే బౌద్ధ విద్యాలయంలో, భిక్షువులకు సంస్కృతం చెప్పడానికి. తను వాళ్లకి సంస్కృతం చెప్పడం, వాళ్ల దగ్గర తను పాళీ నేర్చుకోవడం. బౌద్ధుల మూల గ్రంథాలైన త్రిపిటకాలు మొత్తం చదివాడు. చదువుతుంటే ఒక లోటు తగిలింది. బౌద్ధ తర్కం మీద మన దేశంలో సంస్కృతంలో రాసిన పుస్తకాలు మన దేశంలోనే లేవు. నలంద పోయింది, విక్రమశిల పోయింది, వాటితో పాటు పుస్తకాలూ పోయాయి. కానీ అంతకు ముందే టిబెట్ పండితులు వాటిని అనువదించి పట్టుకెళ్లారు. కొన్ని తాళపత్రాలు మూలంతో సహా అక్కడి మఠాల్లో ఉన్నాయేమో. ఉంటే, వెళ్లి చూడాలి.

ఇదీ ఆ పిల్ల అడిగిన ప్రశ్నకు జవాబు. ఆయనకి నిజంగానే ఒక పరీక్ష ఉంది. సింహళంలో పాఠం చెప్తుండగా ఎదురైన పరీక్ష. థోంగ్‌లా దాటింది మంచు కొండలు చూడ్డానికి కాదు. కొండల్ని చూడలేదని కాదు, చూశాడు, బాగా రాశాడు కూడా. కానీ అడుగు వేయించింది పుస్తకం.

మొదటి ప్రయాణం నుంచి తిరిగొచ్చేటప్పుడు 22 కంచరగాడిదల మీద పుస్తకాలు, బొమ్మల పటాలు వేసుకొచ్చాడు. అవి పట్నాకి చేరాయి. వెంటనే సింహళం వెళ్లి బౌద్ధ భిక్షువయ్యాడు. అప్పుడు పెట్టుకున్న పేరే రాహుల్, బుద్ధుడి కొడుకు పేరు. సాంకృత్యాయన్ అన్నది గోత్రం నుంచి వచ్చింది. ఆ తర్వాత 1934, 1936, 1938ల్లో ఇంకో మూడుసార్లు టిబెట్ వెళ్లాడు. బౌద్ధ తార్కికుడు ధర్మకీర్తి రాసిన ప్రమాణవార్తికం లాంటి వాటి మూలాలు దొరికాయి. మఠాల వాళ్లు తాళపత్రాలు ఇవ్వరు కదా, కొన్నిటిని కూర్చుని చేత్తో ఎత్తి రాసుకున్నాడు, కొన్నిటికి ఫోటోలు తీశాడు.

వాటిలో ఒకటి మనకి దగ్గరది. శాలు అనే మఠంలో ఆయనకి బౌద్ధ తత్త్వవేత్త ఆచార్య నాగార్జునుడు రాసిన విగ్రహవ్యావర్తని సంస్కృత మూలం దొరికింది. అంతవరకు చైనీస్, టిబెటన్ అనువాదాల్లోనే మిగిలిన పుస్తకం. 1937లో చరిత్రకారుడు కె.పి. జయస్వాల్‌తో కలిసి అచ్చు వేయించాడు. చిన్న పుస్తకం, 70 శ్లోకాలు, వాటికి వృత్తి, అంటే వివరణ. అందులో ఎదుటివాడు అడుగుతాడు: అన్నీ శూన్యమే అంటున్నావు, మరి నీ మాటా శూన్యమేగా, దానితో నన్నెలా ఖండిస్తావు అని. మా క్లాసులో వెనక బెంచీ కుర్రాడు అడిగే ప్రశ్న లాంటిదే. నాగార్జునుడు వాణ్ణి బయటికి పంపలేదు, ఓపిగ్గా జవాబు చెప్పాడు.

నాగార్జునకొండకు ఒకసారి పిల్లల్ని తీసుకెళ్లాం. విజయపురి సౌత్ నుంచి లాంచీ. సాగర్ నీళ్లలో మునగకుండా కొండ మీదికి చేర్చిన స్తూపాలు, మండపాలు, మ్యూజియం. లాంచీలో ఈ కథ చెప్పాను: నాగార్జునుడి పేరు మోసే కొండ ఇది, ఆయన పుస్తకం దొరికింది మాత్రం హిమాలయాల అవతల అని. ఒకడు అడిగాడు, "మరి ఇక్కడివాళ్లు ఒక కాపీ ఉంచుకోలేదా టీచర్?" లాంచీ చప్పుడులో వినపడనట్టు నటించాను. ఇంటికొచ్చి యాత్రా వ్యాసం రాశాను. గుళ్లు, దారి ఖర్చులు, హోటళ్లు తప్ప ఏదీ రాయని నేను, వాడి ప్రశ్నతో మొదలుపెట్టి రాసిన మొదటి వ్యాసం అదే.

1830లో ఏనుగుల వీరాస్వామయ్య గారు చెన్నపట్నం నుంచి కాశీకి బయల్దేరి, దారి పొడవునా రాసిన ఉత్తరాలు మీలో కొందరు చదివే ఉంటారు. ఆయనది పల్లకీ, బోయీలు, వందమందికి పైగా పరివారం. ఈయనది బిచ్చగాడి వేషం. ఇద్దరి పద్ధతీ నాకిష్టమే. వీరాస్వామయ్య గారు ప్రతి మజిలీలోనూ బియ్యం దొరుకుతుందా, నీళ్లు బాగుంటాయా అని రాస్తారు. రాహుల్‌కి తిండి సంగతి పెద్దగా పట్టదు. ఎంతైనా వంట మనిషిని వెంటబెట్టుకుని వెళ్లినవాళ్లే వంట గురించి బాగా రాస్తారు.

చదువు చెప్పడం దగ్గరికి వస్తాను. 1933లో ఆయన లడాఖ్‌లో ఉన్నాడు. అక్కడి పిల్లలకు వాళ్ల భాషలో సరైన వాచకాలు లేవు. ధర్మకీర్తి కోసం వెతుకుతున్న మహా పండితుడు కూర్చుని ఏం చేశాడో తెలుసా? టిబెటన్ బాలశిక్ష రాశాడు. మనకి పెద్దబాలశిక్ష ఉన్నట్టు. తర్వాత పాఠావళి, వ్యాకరణం. ఆయన పుస్తకాలన్నిట్లోకీ నేను ఎక్కువ గౌరవించేది దీన్నే. తర్కశాస్త్రం ఎంతోమంది రాశారు. మంచి ఒకటో తరగతి వాచకం రాయడం ఎంత కష్టమో, వాచకాల కమిటీలో ఒకసారి కూర్చుని టీ తాగినవాళ్లకి తెలుస్తుంది. డిగ్రీ లేని ఈ మనిషే లెనిన్‌గ్రాడ్ యూనివర్సిటీలో సంస్కృతం చెప్పాడు.

ఇక కథలు. ఇందాక మాడిన గిన్నె అన్నాను కదా, అదిక్కడ వస్తుంది.

1939లో బిహార్‌లో అమ్‌వారీ రైతుల పోరాటంలో ఈయన తల పగిలింది. 1940 నుంచి మళ్లీ జైలు. దేవలీ శిబిరం, హజారీబాగ్ జైలు. తిరిగే మనిషి కాళ్లు కట్టేశారు, బడి లేదు. రాయడం మొదలుపెట్టాడు. మానవ్ సమాజ్ అని సమాజ పరిణామం మీద ఒక సిద్ధాంత గ్రంథం రాశాడు. రాశాక అదే విషయాన్ని తేలిగ్గా కళ్లకు కట్టేలా చెప్పాలనిపించింది. అప్పుడు 20 కథలు రాశాడు. మొదటిది క్రీస్తుపూర్వం 6000లో ఓల్గా నది ఒడ్డున, నిశ అనే తల్లి కథ. చివరిది 1942లో పట్నాలో, సుమేర్ కథ. అదే ఓల్గా సే గంగా, ఓల్గా నుంచి గంగకి. 1942 జూన్‌లో హజారీబాగ్ జైలు నుంచి ముందుమాట రాశాడు. చాగంటి తులసి గారు దాన్ని తెలుగు చేశారు. మన ఇళ్లలో ఒక తరం వాళ్లకి రాహుల్ అంటే ఆ పుస్తకమే.

ఆయన కథలకు తొలి ప్రయత్నం అంతకు చాలా ముందే జరిగింది. 1920లలో బాయీస్‌వీఁ సదీ, అంటే ఇరవై రెండో శతాబ్దం అని రాశాడు. ఒక పెద్దాయన 200 ఏళ్లు నిద్రపోయి 2124లో లేస్తాడు. లేచి చూస్తే లోకమంతా బాగుపడి ఉంటుంది. కథ తక్కువ, పర్యటన ఎక్కువ. కనపడిన ప్రతివాడూ మా ఊళ్లో బడులు ఇలా ఉంటాయి, పొలాలు ఇలా ఉంటాయి అని ఆయనకి వివరంగా చెప్తాడు.

నా కథకీ సరిగ్గా ఈ జబ్బే. ఒక ఒరియా కుటుంబం ఇటుక బట్టీలో పనికి వచ్చి, పిల్లల్ని బడికి పంపలేకపోవడం గురించి రాశాను. నేను చూసిన కుటుంబం, నిజమైన బాధ. ఒక పత్రికకు పంపాను. తిరిగొచ్చింది. మీద పెన్సిల్‌తో ఒక వాక్యం: 'కథ బాగుంది, టీచరు ఎక్కువైంది'. నాలుగు రోజులు అన్నం సహించలేదు. ఐదో రోజు తీసి చదివితే, నిజమే. ఇటుకలు మోసే ఆ తల్లి విద్యాహక్కు మీద పేజీన్నర ఉపన్యాసం ఇస్తోంది. అన్ని ఇటుకలు మోసిన మనిషికి అంత ఊపిరి ఎక్కడిది?

అందుకే ఓల్గా సే గంగా మీద నాకున్న అభిప్రాయం చెప్పేస్తాను, అభిమానులు కోప్పడకండి. కథ జరుగుతున్న కాలం ఇటు వచ్చేకొద్దీ పాత్రలు మాట్లాడడం మాని ప్రసంగించడం మొదలుపెడతాయి. ఆఖరి కథల్లో నాకు జైలు గోడే కనిపిస్తుంది గానీ మనుషులు తక్కువ. అదే మొదటి కథ, నిశ, చూడండి. మంచు, గుహ, తోడేళ్లు, తల్లీ కూతుళ్ల మధ్య పోటీ. ఆ రోజుల గురించి ఉపన్యాసం ఇవ్వడానికి ఆయన దగ్గర సరుకు లేదు. అందుకని ఊహించాడు. తను నడిచిన టిబెట్ చలిని అందులో పెట్టాడని నా నమ్మకం. ప్రభ అనే కథలో బౌద్ధ కవి అశ్వఘోషుడు ప్రేమిస్తాడు, నాటకం రాస్తాడు. అక్కడా పండితుడు కాస్త పక్కకి తప్పుకున్నాడు, కథకు ఊపిరాడింది.

తను ఉపన్యాసకుడినని ఆయనకీ తెలుసనుకుంటాను. భాగో నహీఁ దునియా కో బద్‌లో అని ఒక పుస్తకం రాశాడు, పారిపోకండి, లోకాన్ని మార్చండి అని. చదువురాని వాళ్లకి చదివి వినిపిస్తే అర్థమయ్యేలా, ఊళ్లో వాళ్లు అరుగు మీద మాట్లాడుకున్నట్టు రాశాడు. భోజ్‌పురిలో నాటకాలు రాశాడు. ఉపన్యాసం ఇవ్వక తప్పకపోతే కనీసం అరుగు మీద కూర్చుని ఇద్దాం అన్నమాట.

ఆయన్ని దేవుణ్ణి చేయడం నాకిష్టం లేదు. దేశ విభజన రోజుల్లో హిందీ, ఉర్దూ తగాదాలో ఆయన తీసుకున్న పక్షం వల్ల కమ్యూనిస్టు పార్టీ నుంచి బయటికి వెళ్లాల్సి వచ్చింది. తర్వాత మళ్లీ చేరాడనుకోండి. ఉర్దూని నాగరి లిపిలో రాసుకోవాలన్న ఆయన వాదన చదివినప్పుడల్లా నాకు ఆ నిజామాబాద్ బడి గుర్తొస్తుంది. ఆయన్ని దారిన పడేసిన ఆ రెండు పంక్తులు ఉర్దూవేగా. హిందీ టీచరుగా చెప్తున్నాను, ఆ విషయంలో నేను ఆయన వైపు లేను.

రెండోది, ఇంటి సంగతి. చిన్నప్పుడు కట్టబెట్టిన పెళ్లిని ఆయన ఒప్పుకోలేదు, సరే, అది పెద్దల తప్పు. కానీ ఇంట్లో మిగిలిపోయిన ఆ అమ్మాయి తప్పూ కాదు. లెనిన్‌గ్రాడ్‌లో 1938లో పుట్టిన కొడుకుని 1945లో గానీ చూడలేదు. 1947లో వదిలి వచ్చేశాడు. ఘుమక్కడ్ శాస్త్ర అని 1948లో దేశదిమ్మరులకు ఒక శాస్త్రం రాశాడు. బ్రహ్మసూత్రాల మొదటి మాట 'అథాతో బ్రహ్మజిజ్ఞాసా'ని ఆటపట్టిస్తూ, అథాతో ఘుమక్కడ్ జిజ్ఞాసా అని మొదలుపెడతాడు. అందులో ఆడవాళ్లూ తిరగాలని ఒక అధ్యాయమే ఉంది. మనసారా రాశాడు, సందేహం లేదు. నేను అది చదివింది వంటింట్లో, కుక్కరు మూడో కూత కోసం ఎదురుచూస్తూ. తిరగాలి, నిజమే. నాకు వేసవి సెలవుల్లో పది రోజులు కుదిరేది, అదీ పిల్లల ట్యూషన్లు, మావగారి బీపీ మాత్రలు, అన్నీ చూసుకున్నాక. నా యాత్రా వ్యాసాలన్నీ మే నెలలోనే జరుగుతాయి, ఎండ వర్ణన ఎక్కువగా ఉంటుందని ఒకాయన విమర్శ రాశారు. మరేం చేయను.

ఆయన చివరి రోజుల గురించి ఒక్క మాట. మధ్య ఆసియా చరిత్ర రాసినందుకు 1958లో సాహిత్య అకాడెమీ పురస్కారం వచ్చింది. 1959లో మళ్లీ సింహళం వెళ్లాడు, అదే విద్యాలంకారకు, అప్పటికి అది విశ్వవిద్యాలయం. 1961లో జబ్బు చేసింది, జ్ఞాపకం పోయింది. అన్ని లిపులు చదివిన మనిషి. వైద్యానికి మాస్కో తీసుకెళ్లారు. 1963 ఏప్రిల్ 14న డార్జిలింగ్‌లో పోయాడు. ఈ భాగం నేను క్లాసులో ఎప్పుడూ చెప్పలేదు. గంట కొట్టేసేవాళ్లు, నేనూ ఆగేదాన్ని కాదు.

పిల్లలూ, ఓల్గా సే గంగా తెలుగు పుస్తకం మన లైబ్రరీలో ఉందా అని నిన్న వచ్చి చూశాను. ఉంది. చరిత్ర బీరువాలో పెట్టారు. ఇది కథల పుస్తకం కదండీ అన్నాను. లైబ్రేరియన్ గారు తిరగేసి చూసి, కథలకి పక్కన సంవత్సరాలు వేసి ఉన్నాయి మేడమ్, అందుకని అటు పెట్టాం, పోనీ యాత్రల్లో పెట్టమంటారా, ఓల్గా నుంచి గంగకి అని ఉంది కదా అన్నారు. ఇద్దరం పది నిమిషాలు ఆలోచించాం. తేలలేదు. ప్రస్తుతానికి అది ఏ బీరువాలోనూ లేదు, ఆయన టేబుల్ మీద ఉంది. కావలసినవాళ్లు అక్కడ అడగండి.